ఎలపటి కాలు

మా కార్ఖానాలో కొత్తగా చేరిన నలుగురు మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చారు. "తాతా, గింత కాలం చేసిండ్రు గదా, గీ పనిల ఏం మంచిగుంటది, ఏం మంచిగుండది? జర ఉన్నదున్నట్టు చెప్పుండ్రి" అన్నారు. చెబుదామని నోరు తెరిచాను. అంతలో లచ్చవ్వ గుర్తొచ్చింది. నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాను. మా ఆవిడ వచ్చి వీపు మీద రెండు చరిచి, "నీకు నోటితోని కాదు గని, కాయితం మీద రాసియ్యి" అంది. అందుకే ఈ రాత.

నా పేరు సామేలు. మాది కరీంనగర్. మా బాపు మిషన్ బడిలో వంటమనిషి. పోలీసు చర్య జరిగిన కొత్తలో, ఇరవై ఏళ్ళ వయసులో, నేను బెల్లంపల్లి స్టేషన్ వీధిలోని ఒక చిన్న కార్ఖానాలో చేరాను. బయట బోర్డు మీద 'వైద్య పరికరముల తయారీ' అని ఘనంగా రాసి ఉండేది. లోపల మేము చేసేవి చంక కర్రలు, విరిగిన చేతులకు కట్టే చెక్కలు, నడుము పట్టీలు, పోలియో వచ్చిన పిల్లల కాళ్ళకు ఇనుప పట్టీలు, అన్నిటికన్నా ఎక్కువగా కొయ్యకాళ్ళు. బొగ్గు బావుల ఊరు కాబట్టి కాళ్ళు కావలసినవాళ్ళకు కొదవ ఉండేది కాదు. ఊళ్ళో ఎవరూ మా బోర్డు చదివినవాళ్ళు కారు. అందరికీ మేము 'కాళ్ళ కంపెనీ'.

నేను ఎప్పుడు మేస్త్రీనయ్యాను, ఎవరు సంతకం పెట్టారు అనేవి ఇందులో ఉండవు. అవి చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకు వస్తుంది.

కట్టేసిన కాలు

మా యజమాని, మా గురువు, మా తలనొప్పి, ముగ్గురూ ఒక్కరే. యూసుఫ్ సాబ్. పూనాలో సైన్యం వాళ్ళకు కొయ్యకాళ్ళు చేసే చోట పని నేర్చుకుని వచ్చిన మనిషి. నేను చేరిన మొదటి రోజు ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నా కాలు ఒకటి మోకాలి దగ్గర మడిచి, తోలు పట్టీతో తొడకు బిగించి, రెండు చంక కర్రలు చేతికిచ్చాడు.

"పో. బజార్ల తిరిగి రా. కూరగాయలు తే. పోస్టాఫీసుకు పోయి కార్డు తే. సాయంత్రం దాకా కాలు ఇప్పకు."

"సాబ్, నేను కాళ్ళు చేసుడు నేర్చుకుందామని వచ్చిన."

"గందుకే. కాలు లేకుంటె ఎట్లుంటదో తెల్వకుండ కాలెట్ల చేస్తవ్ రే?"

అరగంటకే చంకలు మండిపోయాయి. గడప అనేది ఎంత ఎత్తు ఉంటుందో ఆ రోజే తెలిసింది. కూరగాయల సంచి మెడకు తగిలించుకుంటే వంకాయలు ఒక్కొక్కటీ దారిలో దిగిపోయాయి. స్టేషన్ ముందర టీ కొట్టు నడిపే అవ్వ నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అయ్యో బిడ్డా, గీ వయసులనా! ఏ బాయిల పోయింది?" అంటూ చేతిలో టీ, ఒళ్ళో రెండు బిస్కెట్లు పెట్టింది. నిజం చెబుదామనే అనుకున్నాను. టీ చాలా వేడిగా, చాలా బాగుంది. తాగేశాను.

మర్నాడు రెండు కాళ్ళ మీద ఆ కొట్టు ముందు నుంచి పోతుంటే అవ్వ కంట పడ్డాను. ఆమె అట్లకాడ పట్టుకుని వెంటబడింది. "దొంగ సచ్చినోడా, ఒక్క రాత్రిల ఏడికెళ్ళి మొలిచింది రా కాలు?" నేను పరుగో పరుగు. రెండు కాళ్ళ విలువ నాకు అంత బాగా మళ్ళీ ఎప్పుడూ తెలియలేదు.

ఆ రోజంతా యూసుఫ్ సాబ్‌ను మనసులో తిట్టుకున్నాను. కాని ఆ తర్వాత చంక కర్ర పైభాగానికి తోలు దిండు కట్టేటప్పుడల్లా నా చెయ్యి దానంతటదే ఇంకో పొర దూది వేసేది. కొత్తవాళ్ళ కాలు కట్టే ఆ పద్ధతి ఇప్పుడు మీ దగ్గర లేదని విన్నాను. మళ్ళీ పెట్టమనండి. టీ కొట్టు మాత్రం చూసి ఎంచుకోండి.

భూమన్న రంగులు

పాదాలు చెక్కే పని భూమన్నది. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే ఇంట్లో పుట్టినవాడు. పొనికి చెక్కతో చిలకల్ని, జామకాయల్ని చేసిన చేతులు. మా కాళ్ళ పిక్క భాగం కూడా ఆ పొనికితోనే చేసేవాళ్ళం, తేలిగ్గా ఉంటుందని. అది మెత్తనిది కనుక పైన పచ్చితోలు చుట్టేవాళ్ళం. బరువంతా పడే పాదానికి మాత్రం బాగా ఎండిన టేకు.

భూమన్నతో చిక్కేమిటంటే, ఆయన చేతికి ఏది దొరికినా బొమ్మ అయిపోయేది. వేళ్ళు చెక్కేవాడు, గోళ్ళు చెక్కేవాడు, ఆడవాళ్ళ పాదానికి అడక్కుండానే మెట్టెలు చెక్కేవాడు. చివరికి నిర్మల్ బొమ్మలకు వేసే మెరుగు రంగు పూసి, గాజులా నిగనిగలాడేట్టు చేసేవాడు. ఒకసారి తాండూరు వైపు నుంచి వచ్చిన ఒకామెకు అట్లాంటి కాలు తొడిగి పంపాం. నెల తర్వాత చిందులు తొక్కుతూ తిరిగి వచ్చింది.

"ఏమైందమ్మా, ఒరుస్తున్నదా?" అని అడిగాను.

"ఒరుసుడు లేదు, ఏం లేదు. మీ కాలు బంగారం లెక్క మెరుస్తుంది. మా అత్త పొద్దుగాల లేస్తే నా అసలు కాలు చూసి, గది జర తోముకోరాదే అంటుంది."

భూమన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. యూసుఫ్ సాబ్ మాత్రం ఆమె వెళ్ళాక బల్ల మీద తల ఆనించి భుజాలు ఎగిరేలా నవ్వాడు. మీరడిగిన 'ఏం మంచిగుంటది' అనే దాంట్లో ఇది ఒకటి. మా చోట నవ్వు లేని రోజు లేదు. ఏడవాల్సిన పనిలో ఉన్నవాళ్ళకు నవ్వడం తప్ప దారి లేదేమో కూడా.

ఏం బాగుండదంటే

వాసన. పచ్చితోలు నానేసిన తొట్టి, ఉడికించిన జిగురు, ఆముదం. మూడూ కలిసి ఒంటికి పడితే కుంకుడుకాయలతో అరగంట రుద్దినా పోవు. రైల్లో నేను ఎక్కితే కిటికీ పక్క సీటు ఎప్పుడూ ఖాళీ అయ్యేది. దీన్ని మొదట్లో జనం మర్యాద అనుకున్నాను.

పెళ్ళిచూపులు ఇంకో సంగతి. "అబ్బాయి ఏం పని చేస్తడు?" అని అడిగితే మా బాపు, "కాళ్ళు చేస్తడు" అనేవాడు. అక్కడితో పిల్ల తండ్రి చూపు నా ముఖం మీది నుంచి జారి నా కాళ్ళ మీద పడేది. ఎంతసేపు కూర్చున్నా మళ్ళీ పైకి వచ్చేది కాదు. రెండు సంబంధాలు అట్లాగే పోయాయి. మూడో ఇంట్లో పిల్లే లోపలి నుంచి, "రెండూ మంచిగనే ఉన్నయి బాపు, ఇగ లేవుమను" అని అరిచింది. ఆమే మా ఆవిడ.

యూసుఫ్ సాబ్ గురించి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. ఆయన మెచ్చుకునేవాడు కాదు. ఎంత మంచి పని చేసి ముందు పెట్టినా "ఊఁ" అనేవాడు, అంతే. ఎందుకు అట్లా చేయాలో ఒకసారికి మించి చెప్పేవాడు కాదు. రెండోసారి అడిగితే ముఖం చిట్లించేవాడు. అందుకని మేము అడగడం మానేశాం. తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపడం నేర్చుకున్నాం. యజమానిగా ఆయన చేసిన పెద్ద తప్పు అదే. ఆ తప్పును నెత్తిన పెట్టుకుని ఊరేగినవాణ్ణి నేను.

లచ్చవ్వ తెచ్చిన దారం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జరిగింది ఇది. యూసుఫ్ సాబ్ తోలు కొనడానికి హైదరాబాదు పోయాడు. కార్ఖానా నాలుగు రోజులు నా చేతిలో. చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఆయన కుర్చీలో కూర్చున్నాను. కాళ్ళు నేల మీద ఆనలేదు.

అప్పుడు ఒకామె వచ్చింది. మోకాళ్ళ దాకా దుమ్ము. చొప్పదండి పక్క ఊరి నుంచి ఎడ్లబండి మీద పెద్దపల్లికి, అక్కడి నుంచి రైల్లో మా దగ్గరికి. పేరు లచ్చవ్వ. ఆమె భర్త రాజం బావిలో బొగ్గు నింపేవాడు. పట్టాల మీద నడిచే బొగ్గు డబ్బా కింద పడి మోకాలి కిందికి కాలు పోయింది. పుండు మానాక లచ్చవ్వ పుట్టింటి ఊళ్ళో ఉన్నాడు.

"గింత దూరం ఆయిన ఇప్పుడు రాలేడు సారూ. కొలతలు నేను పట్టుకొచ్చిన" అని మూట విప్పింది. అందులో ఒక దారం ఉండ. దానికి ముడులు. పసుపు అద్దిన ముడి పొడవట, కుంకుమ అద్దిన ముడి చుట్టుకొలతట. నా టేపు కంటే శుభ్రంగా ఉంది. దారంతో పాటు ఒక పల్చటి తెల్ల గుడ్డ. ఉన్న కాలును దాని మీద పెట్టించి, చుట్టూ బొగ్గుతో గీసింది. గీత అవతలి వైపుకు కూడా దిగింది.

మా దగ్గర ఒక నియమం ఉండేది. తెగిన కాలి కొసను మేము మొండి అనేవాళ్ళం. మొండిని కళ్ళతో చూడకుండా పుస్తకంలో కొలత రాయకూడదు. కాని లచ్చవ్వ నా ఎదుట నిలబడి చెప్పిన మాటలు ఇవి:

"దసరా తెల్లారి వచ్చే సోమారం నాడు మేనేజరు దొర చూస్తనన్నడు సారూ. బాయి గేటు కాడికెళ్ళి దీపాల గది దాక కట్టె పట్టకుండ నడిస్తె, దీపాల గదిల కొలువిస్తడట. నడవకుంటె పేరు కొట్టేసి క్వార్టరు ఖాళీ చెయ్యమన్నడు. ముగ్గురు పిల్లలు నాకు. ఐతదా సారూ?"

బావిలోకి దిగేవాళ్ళు నెత్తికి పెట్టుకునే దీపాలు ఇచ్చి పుచ్చుకునే చోటే దీపాల గది. కూర్చుని చేసే పని. రాజంకు అంతకంటే మంచి కొలువు లేదు. ఇంత ఆశతో వచ్చిన మనిషికి నియమం చెప్పి వెనక్కి పంపబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే, సాబ్ లేనప్పుడు ఒక కాలు పూర్తి చేసి చూపించాలని కూడా ఉంది.

"ఫికర్ చెయ్యకక్కా, నేనున్న గదా. ఏ కాలు పోయింది?"

"ఎలపటిది."

నేను మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాణ్ణి. నాగలిని రోడ్డు మీది నుంచి చూడటమే. ఎలపట అంటే ఏమిటో నాకు తెలియదు. 'తెల్వదు' అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని చెవి వెనక పెన్సిలు ఉందిగా! ఎలపట 'ఎ'తో మొదలైంది, ఎడమ కూడా 'ఎ'తోనే మొదలవుతుంది, పల్లెల్లో ఎడమను ఇట్లా అంటారు కాబోలు అనుకున్నాను. పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో 'ఎడమ కాలు' అని రాసి, కింద గీత కూడా గీశాను.

పాదం చెక్కబోయే ముందు భూమన్న ఆ గుడ్డను పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "సామేలు, ఎడమ కాలు పోయినోనికి ఉండేది కుడి గదా. గీ అచ్చు సూస్తె ఎడమకాలి లెక్క కొడ్తుంది" అన్నాడు.

"గుడ్డ తిరగబడ్డదే అన్నా" అని దాన్ని తీసుకుని తిప్పి పెట్టాను. ఇప్పుడు అచ్చు కుడికాలు అయింది. భూమన్న దానికి జతగా బ్రహ్మాండమైన ఎడమ పాదం చెక్కాడు. యూసుఫ్ సాబ్ తిరిగి వచ్చి చూశాడు. "మొండి చూసినవా?" అన్నాడు. "కొలతలన్నీ పక్కా, సాబ్" అన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు. నేను పొంగిపోయాను.

బల్ల కాలు

వాగు పొంగి దారి ఆగిపోవడంతో వారం ముందు రావాల్సిన మొగుడూపెళ్ళాలు సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం పొద్దున వచ్చారు. రాజం సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మాట తక్కువ. బెంచీ మీద కూర్చున్నాడు. నేను కొత్త కాలును పెళ్ళికొడుకును తెచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చి ముందు పెట్టాను. రాజం ధోతీ పైకి తీశాడు.

కుడి కాలు లేదు. ఎడమ కాలు నిక్షేపంలా ఉంది.

రాజం నా చేతిలోని కాలును చూశాడు, తన కాలును చూసుకున్నాడు. "గిది దాపటిది గదా మేస్త్రీ. గది నాకున్నది" అన్నాడు మెల్లగా.

లచ్చవ్వ అయితే మెల్లగా అనలేదు. "ఎలపటి కాలు సారూ, ఎలపటిది! నాగలికి ఎలపటెద్దు ఏ పక్కకుంటది? కుడి పక్కకు! రెండు దాపటెడ్లనే కడ్తె బండి ఊరికి పోతదా, ఉన్న కాడనే గిర్రగిర్ర తిరుగుతదా?"

కాలు కింద పెట్టేశాను. నవ్వొచ్చే తప్పే అది, ఇప్పుడు తలుచుకుంటే పొట్ట చెక్కలవుతుంది. ఆ నిమిషంలో మాత్రం ముగ్గురు పిల్లల నెత్తి మీది కప్పును నేనే పీకేసినట్టు అనిపించింది. యూసుఫ్ సాబ్ లేచి వచ్చాడు. "సాబ్, నాదే తప్పు. మొండి చూడలే. ఎలపట అంటే తెల్వదు. అడగలే" అన్నాను. నాలుగు ముక్కల్లో చెప్పేశాను, ఐదోది ఉంటే ఏడ్చేవాణ్ణి.

తిడతాడనుకున్నాను. ఆయన నావైపు చూడనే లేదు. రాజం ముందు గొంతుక్కూర్చుని మొండిని చేత్తో తడిమాడు. "నొప్పి? ఇక్కడ? ఇక్కడ?" తర్వాత లేచి, పిక్క కొయ్య గుండ్రంగా ఉంది కనుక తిప్పుకోవచ్చని, మొండికి తొడిగే తోలు గిన్నెను నానబెట్టి మళ్ళీ అచ్చు తీయొచ్చని చెప్పాడు. కొత్తగా కావలసింది ఒక్క పాదం. దానికి ఎండిన టేకు కావాలి. ఉన్న ఎండు దుంగ నా ఎడమ పాదానికే అయిపోయింది. మిగిలిందంతా పచ్చి కలప. అది రెండు రోజుల్లో పగులుతుంది.

యూసుఫ్ సాబ్ కార్ఖానా అంతా ఒకసారి కలియచూశాడు. చివరికి ఆయన చూపు తన బల్ల మీద ఆగింది. ముసలి టేకు బల్ల, ఒక్కొక్క కాలు జానెడు మందం. దాన్ని ఎవరైనా ముట్టుకుంటేనే ఆయనకు కోపం వచ్చేది. వేలితో దాని కాలును కొట్టి చూశాడు. గంటలా ఖంగుమంది.

"భూమన్నా, రంపం తే."

మేమందరం నోరెళ్ళబెట్టాం. భూమన్న రంపం పట్టుకుని బల్ల పక్కన కూర్చున్నాడు. "సాబ్, ఏ కాలు కోయాలె?"

యూసుఫ్ సాబ్ మొదటిసారి నావైపు తిరిగాడు. "సామేల్ చెప్తడు."

"ఎలపటిది సాబ్" అన్నాను.

"బల్లకు ముందేదో ఎనకేదో తెల్వకుండ ఎలపట ఎట్లయితది సారూ?" అంది లచ్చవ్వ.

అందరికంటే ముందు నవ్వింది రాజం. ఆ నవ్వుతో ఏదో కట్ట తెగింది. యూసుఫ్ సాబ్ నవ్వాడు, భూమన్న నవ్వాడు, నేను నవ్వుతూ ఏడ్చాను. బల్ల కాలు ఊడి వచ్చింది. దాని చోట నాలుగు ఇటుకలు పెట్టాం.

ఆదివారం నేను చర్చికి పోలేదు. పాటల గుంపులో నా గొంతు లేకపోవడం వల్ల ఆ రోజు ఆరాధన చాలా బాగా జరిగిందని తర్వాత చెప్పారు. పొద్దెక్కేసరికి భూమన్న పాదం పూర్తి చేశాడు. రంగు వేస్తే ఆరే సమయం లేదు. అట్లాగే వదిలేయడానికి ఆయనకు చేతులు రాలేదు. ఆముదంలో బొగ్గుపొడి కలిపి రుద్దాడు. తీరా చూస్తే అది రాజం అసలు కాలి రంగుతో అచ్చంగా కలిసిపోయింది. ఇన్నేళ్ళ మెరుగు రంగుల్లో ఎప్పుడూ కుదరనిది ఆ రోజు కుదిరింది. భూమన్న కొంచెం చిన్నబోయాడు కూడా.

ఇక నడక. రెండు వెదుళ్ళు కట్టి మధ్యలో రాజంను నిలబెట్టాం. యూసుఫ్ సాబ్ పూనా గొంతు తీసి, "లెఫ్ట్! రైట్!" అని అరిచాడు. రాజం ఏది ఎత్తాలో తెలియక రెండూ ఎత్తబోయి నా మీద పడ్డాడు.

"నాకు గా ఇంగ్లీషు కాళ్ళు తెల్వయి సాబ్" అన్నాడు.

లచ్చవ్వ కొంగు నడుముకు చుట్టి ఎదురుగా వచ్చి నిలబడింది. "నన్ను సూడు. నాగలెంబడి నడుస్తున్నవనుకో. ఎలపట... దాపట... ఎలపట... దాపట..."

రాజం ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. సాయంత్రానికి వెదుళ్ళు వదిలేశాడు.

సోమవారం పొద్దున

మొదటి షిఫ్టు దిగేవాళ్ళు బావి ఆవరణంతా నిండి ఉన్నారు. దీపాల గది ముందు కుర్చీలో మేనేజరు. కృష్ణా జిల్లా వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. చెడ్డవాడేం కాదు, కాని ఎప్పుడూ ఎక్కడో సమ్మె మొదలవుతుందని భయపడుతుండేవాడు. మేము గేటు బయట నిలబడ్డాం. యూసుఫ్ సాబ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ వేళ్ళు ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

రాజం కర్రను లచ్చవ్వ చేతికిచ్చి గేటు దాటాడు. పది అడుగులు బాగానే వేశాడు. ఇరవై వేశాడు. సగం దూరంలో బొగ్గు డబ్బాలు నడిచే పట్టాలు అడ్డం వచ్చాయి. మేము వెదుళ్ళ మధ్య చదును నేల మీద నేర్పాం. పట్టాల సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. రాజం ఆగిపోయాడు. ఒళ్ళు అటూ ఇటూ ఊగుతోంది. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

గేటు దగ్గరి నుంచి లచ్చవ్వ గొంతు లేచింది. "ఎలపటిది ముందట పెట్టు! ఎలపట!"

రాజం కొయ్యకాలు ఎత్తాడు. పట్టా దాటించాడు.

"దాపట!"

రెండోది దాటింది. అప్పుడు ఆ గుంపులో ఎవరో పెద్దగా "ఎలపట!" అన్నారు. ఇంకో పది గొంతులు "దాపట!" అన్నాయి. బొగ్గు తవ్వేవాళ్ళందరూ ఒకప్పుడు నాగలి పట్టినవాళ్ళే. మాట చెవిన పడగానే అందరి నోళ్ళూ లేచాయి. "ఎలపట! దాపట! ఎలపట! దాపట!" ఆవరణ దద్దరిల్లిపోయింది. గేటు బయట నేనూ అరుస్తున్నాను. భూమన్న ఎగిరి ఎగిరి అరుస్తున్నాడు.

మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏమిటీ నినాదం? సమ్మెనా? ఎవరయ్యా ఈ ఎలపట? కొత్త నాయకుడా?" అని పక్కనున్న గుమాస్తాను పట్టుకున్నాడట.

"కాదు సార్, కాలు" అన్నాడట గుమాస్తా.

"కాలా! మరి దాపట ఎవరు?"

"అదింకో కాలు సార్."

ఈ లోపల రాజం వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. మేనేజరు తేరుకుని, "సరే, రేపటి నుంచి రా" అన్నాడు.

"ఇయ్యాల్నించే చేస్త దొరా. మల్ల గా పట్టాలు దాటి ఇంటికెందుకు పోవాలె?" అని రాజం దీపాల గదిలోకి వెళ్ళి, మొదటి దీపం తీసి, మొదట నిలబడ్డవాడి చేతికిచ్చాడు.

లచ్చవ్వ గేటు ఊచలు పట్టుకుని అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను యూసుఫ్ సాబ్ వైపు చూశాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ "ఊఁ" అన్నాడు.

మళ్ళీ రానివాళ్ళు

ఇక మీరడిగిన దానికి అసలు జవాబు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చనిది వాసన కాదు, సాబ్ చిరాకూ కాదు. మంచిగా ఉన్నవాళ్ళు మళ్ళీ రారు. ఒరిసినవాడు వస్తాడు, విరిగినవాడు వస్తాడు, వాచినవాడు వచ్చి తిట్టి పోతాడు. బాగా నడిచేవాడు ఎటో నడిచి పోతాడు. మన తప్పులే మనకు కనబడతాయి, మన మంచి పని కనబడదు. కొందరు దీనికే విసిగి మానేశారు. నేనూ ఒకసారి మానేద్దామనుకున్నాను.

రాజంనూ నెల తిరక్కముందే ఇంకో బావి దీపాల గదికి మార్చారు. మూడేళ్ళు వార్త లేదు. కాలు ఎట్లా ఉందో, తోలు చిరిగితే ఏం చేశాడో తెలియదు. నేను చేసిన ఎడమ పాదం మాత్రం మా గుమ్మం మీద వేలాడుతుండేది. అందరికీ బుద్ధి రావాలని సాబ్ మేకు కొట్టించాడు. మూడు కాళ్ళ బల్ల ఇటుకల మీదే ఉంది. కొత్త కాలు చేయించమని ఎన్నిసార్లు అన్నా సాబ్ ఒప్పుకోలేదు. ఎవరైనా కొత్త కొలత రాయబోతే ఆయన ఆ బల్లను ఒకసారి ఊపేవాడు. మేము పెన్సిలు దించి, "ఏ కాలు? చేత్తో ముట్టి చూపెట్టుండ్రి" అని అడిగేవాళ్ళం.

ఆ మూడో ఏడు ఒక రోజు చెన్నూరులో ఒక పోలియో పాపకు పట్టీలు బిగించి, బస్సు కోసం నిలబడ్డాను. బస్సు వచ్చింది, నేను పనిముట్ల సంచి సర్దుకునేలోపే నిండింది, కదిలింది. అప్పుడు ఒక మొగుడూపెళ్ళాలు పరిగెత్తుకుంటూ వచ్చారు. ముందు ఆమె ఎక్కింది. వెనక అతను నెత్తి మీద మూటతో, దుమ్ము రేపుకుంటూ, బస్సు ఊచ పట్టుకుని ఒక్క ఊపున పైకి ఎక్కాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు.

రాజం! అలవాటు కొద్దీ ముఖం వదిలేసి కాళ్ళు చూశాను. రెండూ మోకాళ్ళ దాకా దుమ్ము, రెండూ ఒకే నలుపు. ఏ కాలు ముందు పెట్టాడో, ఏది వెనక వచ్చిందో పట్టుకోలేకపోయాను. కిటికీలోంచి లచ్చవ్వ తల బయటపెట్టి నన్ను చూసింది. "ఓ సామేలు సారూ! ఎలపటా, దాపటా?" అని అరిచి, బస్సు మలుపు తిరిగేదాకా పగలబడి నవ్వింది.

నేను ఎక్కాల్సిన బస్సు అదే. నవ్వుతూ రోడ్డు మీదే నిలబడిపోయాను.

బెల్లంపల్లి చేరగానే తిన్నగా కార్ఖానాకు పరిగెత్తాను. యూసుఫ్ సాబ్ తన బల్ల దగ్గర తోలు కోస్తున్నాడు. "సాబ్, రాజం కనబడ్డడు! ఉరికి ఉరికి బస్సెక్కిండు!"

ఆయన కత్తి ఆపాడు. "కుంటుతున్నడా?"

"లేదు సాబ్."

"మనం చేసిన కాలు ఎట్లున్నది?"

"ఏది మనదో నాకు తెల్వలే, సాబ్."

ఆయన "ఊఁ" అనలేదు. లేచి వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇంకోసారి చెప్పమన్నాడు. గుమ్మం మీద వేలాడే ఆ ఎడమ పాదం కింద నిలబడి, 'తెల్వలే' అని నేను గర్వంగా మళ్ళీ చెప్పాను.